మాయాబజార్‌ను తీసేసిన ఆదివారం

జాబితా నిన్న రాత్రి నా దగ్గరికి వచ్చింది. ఈ రాత్రి పడుకునేలోగా అందులోని పది గొప్ప తెలుగు సినిమాల్లో ఒకదాన్ని కొట్టివేసి, దాని స్థానంలో మరొకదాన్ని చేర్చి, రెండింటికీ కారణాలు రాసి, పక్కింటి పిన్నిగారికి అప్పగించాలి. మా ఆటకు ప్రధాన నియమం ఇదొక్కటే. చిన్న నియమాలు రెండున్నాయి. మనకన్నా ముందు ఆడినవారు అప్పుడే చేర్చిన పేరును మనం వెంటనే తీయకూడదు. లేకపోతే ఇది సినిమాల ఆటగా కాక కక్షల ఆటగా మారుతుందని మొదటి రోజే అందరం ఒప్పుకున్నాము. అలాగే, తీసివేసిన సినిమాను తరువాతివారు ఎవరైనా తిరిగి తీసుకురావచ్చు గాని, ఒకసారి వంతు ముగిసినవారు మళ్లీ కలం పట్టకూడదు.

ఆటకు మూలపురుషుడు మా మేనమామ. చాలా ఏళ్లు ఇక్కడ, చెన్నైలో, ఫిల్మ్ లేబొరేటరీలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. అంతర్జాతీయ సినీ విమర్శకుల సమాఖ్య ఫిప్రెస్కీకి చెందిన భారత విభాగం 2022లో తన సభ్యుల చేత ఓటు వేయించి పది ఉత్తమ భారతీయ చిత్రాలను ప్రకటించింది. పథేర్ పాంచాలీకి మొదటి స్థానం వచ్చిన ఆ పదింటిలో బెంగాలీ, హిందీ, మలయాళ, కన్నడ చిత్రాలకు చోటు దొరికింది గాని తెలుగుకూ తమిళానికీ దొరకలేదు. తెలంగాణ పల్లెలో నడిచే కథతో శ్యామ్ బెనెగల్ తీసిన అంకుర్ ఉన్నమాట నిజమే, కాని అది మాట్లాడేది దక్కనీ కలిసిన హిందీ. ఈ సంగతి ఒకనాడు మా ఇంట్లో భోజనాల దగ్గర చర్చకు వచ్చినప్పుడు మామయ్య చేయి కడుక్కుని వచ్చి, కాగితం తీసుకుని, ఒక్క గుక్కలో పది తెలుగు సినిమాల పేర్లు రాసి, "వీటిలో దేన్ని తీస్తారో తీయండి చూద్దాం" అన్నారు. తీయడానికి మేము సిద్ధంగానే ఉన్నామని ఆయన ఊహించినట్టు లేదు.

ఆయన రాసినవి ఇవి: పాతాళ భైరవి, మల్లీశ్వరి, దేవదాసు, మిస్సమ్మ, మాయాబజార్, గుండమ్మ కథ, నర్తనశాల, మూగ మనసులు, ముత్యాల ముగ్గు, శంకరాభరణం. 1951లో మొదలై 1980లో ఆగిపోయే జాబితా ఇది. అంటే ఆయన లెక్కలో తెలుగు సినిమా ముప్పై ఏళ్లు మాత్రమే బతికింది. ఆ మాట మేము ఎవరం అనలేదు, మా వంతుల్లో చేసి చూపించాము.

బెంగళూరులో ఉన్న మా వదిన మొదటి దెబ్బ గుండమ్మ కథ మీద వేసింది. 1958లో కన్నడంలో విఠలాచార్య తీసిన మనె తుంబిద హెణ్ణు దీనికి మూలమనీ, అరువు తెచ్చిన కథను మన పది గొప్ప సినిమాల్లో నిలబెట్టడం సబబు కాదనీ ఆమె రాసింది. కన్నడ దేశంలో కాపురం ఉంటున్నందుకు ఆ మాత్రం పక్షపాతం సహజమే. మామయ్య వెంటనే ఫోన్ చేసి, "అలాగైతే మిస్సమ్మ బెంగాలీ నుంచి వచ్చింది, దేవదాసు శరత్‌బాబు నవల, మూలం చూసి తీసేస్తూ పోతే నీకు మిగిలేదేమిటమ్మా?" అని అడిగారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే గాని వంతు అయిపోయినవారి న్యాయానికి మా ఆటలో విలువ లేదు. వదిన చేర్చినది మరోచరిత్ర. 1978లో బాలచందర్ విశాఖపట్నం సముద్రపు ఒడ్డున నలుపు తెలుపుల్లో తీసిన ఆ చిత్రాన్ని మద్రాసు ప్రేక్షకులు తమిళంలోకి మార్చకుండానే, తెలుగులోనే ఏడాదికి పైగా చూశారన్నది ఆమె ఇచ్చిన కారణం. రెండు భాషల మధ్య ఇల్లు కట్టుకున్న మాలాంటివారికి అంతకంటే పెద్ద కారణం అక్కరలేదు.

తరువాత మైలాపూరులో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు మూగ మనసులును తీసి పుష్పక విమానాన్ని తెచ్చింది. దీని మీద జరిగినంత వాదన మరి దేని మీదా జరగలేదు. 1987 నాటి ఆ చిత్రంలో సంభాషణ ఒక్కటీ లేదు, కథ నడిచేది బెంగళూరులో, తమిళనాట దాని పేరు పేసుం పడం. మాటే లేని సినిమాకు మాతృభాష ఎక్కడిదని మా ఆఫీసు మిత్రుడు నిలదీశాడు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు సీమ మనిషి అనీ, మాయాబజార్‌కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడనీ, గురువు మాటలతో సాధించినదాన్ని శిష్యుడు మాటలు లేకుండా సాధించాడనీ ఆమె జవాబిచ్చింది. జవాబు అందంగా ఉంది. ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. అయినా సినిమా జాబితాలో ఇంకా నిలిచే ఉంది, ఎందుకంటే దాన్ని తీయడానికి ఎవరికీ మనసు రావడం లేదు.

మా మేనకోడలు దేవదాసును తీసేసి శివను పెట్టినప్పుడు ఇంట్లో కొంత నిశ్శబ్దం ఏర్పడింది. "ప్రేమించిన అమ్మాయి ఇంటి గడప దాకా వచ్చి చచ్చిపోయేంత ధైర్యం ఉన్నవాడు, బతికి ఉండగా తండ్రి ముందు నోరెందుకు విప్పలేదు?" అన్నది ఆమె రాసిన కారణంలోని మొదటి వాక్యం. పంతొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ఆ ప్రశ్నకు అరవై దాటినవారు ఎవరూ తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయారు. ఆఫీసు మిత్రుడు పాతాళ భైరవిని తీసి, ప్రేమ్‌చంద్ కఫన్ కథ ఆధారంగా 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన "ఒక ఊరి కథ" అనే చిత్రాన్ని చేర్చాడు. ఈయనది ఎప్పుడూ కొంత గంభీరమైన అభిరుచి. పండుగ రోజున కూడా విషాదాంతాలే చూస్తాడు.

ఆ విధంగా నా చేతికి వచ్చిన పది ఇవి: మల్లీశ్వరి, మిస్సమ్మ, మాయాబజార్, నర్తనశాల, ముత్యాల ముగ్గు, శంకరాభరణం, మరోచరిత్ర, పుష్పక విమానం, శివ, ఒక ఊరి కథ. నియమం ప్రకారం చివరిదాన్ని ముట్టుకోకూడదు. మిగిలిన తొమ్మిదిలో ఒకటి ఎంచుకోవాలి.

పొద్దున వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నప్పుడు నాకు సైట్ అండ్ సౌండ్ జాబితా గుర్తుకు వచ్చింది. అందుకు కారణం ఆ దుంపలే. బ్రిటన్‌లో వెలువడే ఆ పత్రిక 1952 నుంచి పదేళ్లకొకసారి ప్రపంచ విమర్శకుల ఓట్లు సేకరించి గొప్ప సినిమాల పట్టిక ప్రచురిస్తుంది. మొదటిసారి బైసికిల్ థీవ్స్ గెలిచింది. 1962 నుంచి 2002 దాకా అయిదుసార్లు వరుసగా సిటిజన్ కేన్‌దే అగ్రస్థానం. 2012లో వెర్టిగో దాన్ని దించింది. 2022లో ఆ రెండింటినీ వెనక్కి నెట్టి, బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన జాన్ దీల్మాన్ మొదటికి వచ్చింది. మూడు గంటలకు పైగా సాగే ఆ సినిమాలో ఒక ఇల్లాలు మూడు రోజుల పాటు దుంపల చెక్కు తీస్తుంది, గిన్నెలు కడుగుతుంది, పక్కలు సర్దుతుంది. సినిమా పేరులోనే ఆమె పేరుతో పాటు తలుపు సంఖ్య, వీధి, ఊరు అన్నీ ఉంటాయి. పదేళ్ల ముందు జాబితాలో అది మొదటి ముప్పైలో కూడా లేదు. ఈలోగా సినిమా మారలేదు, ఓటు వేసేవారు మారారు. 2012లో 846 మంది విమర్శకులు పాల్గొంటే 2022లో 1,639 మంది పాల్గొన్నారు.

అక్కడి పద్ధతికీ మా పద్ధతికీ ఉన్న తేడా దుంపలు వేగేంతసేపూ నా బుర్రలో తిరిగింది. అక్కడ ఒక్కొక్కరు తమకు నచ్చిన పది పేర్లు ఇస్తారు, ప్రతి పేరుకూ ఒక ఓటు పడుతుంది, ఎక్కువ ఓట్లు వచ్చినది పైకి వెళుతుంది. ఒకరికి సిటిజన్ కేన్ బొత్తిగా గిట్టకపోయినా చేయగలిగినది ఏమీ లేదు. తన పదింటిలో దాన్ని రాయకుండా ఊరుకోవడం తప్ప దించే అధికారం ఎవరికీ విడిగా లేదు. మా ఆటలో ఆ అధికారం మామయ్యను మినహాయించి ప్రతివారికీ ఉంది. అందువల్ల చివరికి మిగిలేవి అందరూ గాఢంగా ప్రేమించే సినిమాలే అయి ఉండనక్కరలేదు, ఎవరికీ తీసేయాలనిపించని సినిమాలయితే చాలు. ఈ రెండూ ఒకటి కావు. మిస్సమ్మ మీద మాలో ఎవరికీ కోపం లేదు. అలాగని దాని కోసం పోట్లాడేవారు కూడా నాకు కనబడటం లేదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. మామయ్య రాసిన ప్రతి పేరూ మా అందరి చేతుల మీదుగా దాటాలి. ఆటలో చివరివాడైన మా తమ్ముడు హైదరాబాదు నుంచి చేర్చబోయే పేరును పరీక్షించేవారు ఎవరూ ఉండరు. వాడు ఏది రాస్తే అది తెలుగు సినిమా పది శిఖరాల్లో ఒకటైపోతుంది. వాడి అభిరుచి ఎరిగినదాన్ని కనుక నాకు కొంత బెంగగానే ఉంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక సరుకుల కోసం వడపళని వైపు వెళ్లాను. మెట్రో పనులతో సన్నబడిన ఆర్కాట్ రోడ్డు మీద ఆటో నత్తనడక నడుస్తుంటే, వాహినీ స్టూడియో ఉండిన స్థలంలో లేచిన మాల్‌నూ, దాని పక్కనున్న విజయా ఆసుపత్రినీ చూస్తూ కూర్చున్నాను. జాబితాలో ఉన్న మిస్సమ్మ, మాయాబజార్, తీసేసిన పాతాళ భైరవి, గుండమ్మ కథ, ఇవన్నీ ఈ ప్రాంగణంలోని షూటింగ్ ఫ్లోర్లలో ప్రాణం పోసుకున్నవే. ఇప్పుడు అక్కడ బట్టలు, చెప్పులు, పాప్‌కార్న్ అమ్ముతారు. అందులో నాకు ప్రత్యేకమైన దుఃఖమేమీ లేదు. స్టూడియోలు కూడా వ్యాపారాలే, ఒక వ్యాపారం పోయి మరొకటి వస్తుంది. నేను ఆలోచించినది వేరొకటి. ఇన్ని వారాలుగా మేము రాసుకున్న కారణాలన్నింటినీ ఫోన్‌లో మొదటి నుంచి చదువుకుంటూ వస్తే, కొట్టివేసిన సినిమాల గురించీ చేర్చిన సినిమాల గురించీ పుటలకు పుటలు కనిపించాయి. దేవదాసు గురించి, తీసేశాక, మామయ్య రాసిన ఉత్తరం లాంటి సందేశం చదివి మేనకోడలు కూడా కాస్త మెత్తబడింది. మాయాబజార్ గురించి మాత్రం ఒక్క వాక్యమైనా లేదు. పాతాళ భైరవిని తీస్తూ ఆఫీసు మిత్రుడు "కె.వి.రెడ్డి తరఫున మాయాబజార్ ఎలాగూ ఉంది కదా" అన్నాడు. దాని గురించి ఆటలో వచ్చిన ప్రస్తావన అంతే. అందరూ దాని పక్కగా, చెప్పులు విడిచి, నమస్కారం పెట్టి, వెళ్లిపోతున్నారు.

2013లో, భారతీయ సినిమాకు నూరేళ్లు నిండిన సందర్భంలో, ఒక ఇంగ్లీషు వార్తా చానల్ జనం చేత ఓటు వేయిస్తే భారతీయ సినిమాలన్నింటిలోనూ మాయాబజార్‌కే ప్రథమ స్థానం వచ్చింది. ఆనాటి నుంచి దాని పేరు చెప్పడం సినిమా గురించి మాట్లాడటం మానేసి, జయధ్వానం చేయడంగా మారిందని నాకు అనిపిస్తుంది. మా మేనకోడలు చూసినది 2010లో రంగులు అద్దిన ప్రతి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో సృష్టించిన వెన్నెలను ఆ పిల్ల ఇప్పటిదాకా చూడలేదు, చూడాలని కూడా తోచలేదు, ఎందుకంటే చూడమని కారణం చెప్పినవారు లేరు. గొప్పదని మాత్రం అందరూ చెప్పారు.

ఇంటికి వచ్చి కాఫీ పెట్టుకుని, మాయాబజార్ పేరు కొట్టివేశాను.

కారణంగా ఇలా రాశాను: "ఈ సినిమా తక్కువదని నేను అనుకోవడం లేదు. దీన్ని ఎవరూ సమర్థించడం లేదన్నదే నా ఫిర్యాదు. జాబితాలో ఉండటానికి కారణం అడగని సినిమా ఇదొక్కటే ఉంది. ఇది తిరిగి రావాలని కోరుకునేవారు దీని గురించి ఏదైనా ఒక దృశ్యాన్ని పట్టుకుని, అది ఎందుకు గొప్పదో రాసి, తమ వంతును ఖర్చుపెట్టి తీసుకురావాలి." వంతును ఖర్చుపెట్టడం అన్నది మా ఆటలో చిన్న విషయం కాదు. ఉన్నది ఒక్క వంతు. దాన్ని అందరికీ తెలిసిన సినిమా కోసం వాడితే, తనకు మాత్రమే తెలిసిన సినిమాను పరిచయం చేసే అవకాశం పోతుంది.

చేర్చవలసిన పేరు విషయంలో ఎక్కువసేపు తటపటాయించాను. మా పదింటిలో స్త్రీ దర్శకత్వం వహించిన చిత్రం ఒక్కటీ లేదు, ఆ లోటు ఎవరూ గమనించినట్టు కూడా లేదు. భానుమతి 1953లో చండీరాణిని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో ఒకేసారి తీసింది. సావిత్రి 1968లో చిన్నారి పాపలుకు దర్శకత్వం వహించింది, ఆ చిత్రం వెనుక పనిచేసిన ముఖ్యుల్లో చాలామంది స్త్రీలే. అత్యధిక చిత్రాలకు దర్శకత్వం వహించిన మహిళగా విజయనిర్మల గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఇంత చరిత్ర ఉండగా ఒక పేరు రాయడం కష్టం కాదు. కాని నేను రాసే కారణం సినిమా గురించి కాకుండా లోటు గురించే అయిపోతుందని భయం వేసింది. చిన్నారి పాపలు పేరు పిన్నిగారికి విడిగా చెప్పి, ఆమె నిర్ణయానికి వదిలేశాను. ఆమె కుర్రతనంలో దాన్ని హాలులో చూశానని ఒకప్పుడు అన్నట్టు గుర్తు.

చివరికి నేను చేర్చినది యోగి వేమన. 1947 నాటి ఈ చిత్రానికి కూడా దర్శకుడు కె.వి.రెడ్డే; కనుక ఆయన తరఫున జాబితాలో ఎవరూ లేరన్న నింద నా మీదికి రాదు. వేమనగా నాగయ్య నటించాడు, ఓగిరాల రామచంద్రరావుతో కలిసి సంగీతం కూడా సమకూర్చాడు. ప్రాణంగా పెంచుకున్న అన్న కూతురు జ్యోతి చనిపోయాక, శ్మశానంలో నిలబడి, మనిషి చివరికి మిగిల్చేది ఇంతేనా అని ఆయన పాడే ఘట్టాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు ఒక సంగతి గమనించాను. ఏడవడానికి కావలసినంత అవకాశం ఉన్నా నాగయ్య ఏడుపును గొంతులోనే ఆపి పాటను నడిపిస్తాడు. భోగి విరాగిగా మారడానికి ఉపదేశాలు, దేవతల ప్రత్యక్షాలు అవసరం లేకుండా, ఆ ఒక్క ఘట్టంతోనే మార్పు నమ్మదగినదవుతుంది. ఆ దర్శకుడే పదేళ్ల తరువాత మాయాబజార్ తీశాడు. పాండవుల ఇంటి కథ చెబుతూ పాండవులను ఒక్కసారి కూడా తెర మీదికి తీసుకురాని మనిషి, మరణం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఎంత పొదుపుగా ఉన్నాడో చూడాలంటే వేమన చూడాలి. పానగల్ పార్కులో నాగయ్య విగ్రహం పెట్టారు గాని, దాని ముందు నుంచి చీరల దుకాణాలకు వెళ్లేవారిలో ఆయన సినిమా ఒక్కటైనా పూర్తిగా చూసినవారు ఎందరన్నది అనుమానమే. ఈ ఆఖరి వాక్యం పంపేముందు కొట్టేశాను. అది సినిమాకు కారణం కాదు, ఊరి మీద నిష్ఠూరం.

దీపాలు పెట్టే వేళకు జాబితా అందరికీ చేరింది. మామయ్య ఫోన్ రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏమే అమ్మాయ్, నీకు మతి పోయిందా?"

"మతి ఉండే చేశాను మామయ్యా. ఎందుకు ఉండాలో ఒక్క కారణం చెప్పండి."

ఆయన అరగంట సేపు చెప్పారు. ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేసుకున్నాక, సావిత్రి ఒక్క నడకతో, ఒక్క చూపుతో, ఆ ఆడపిల్ల శరీరంలో ఎస్.వి.రంగారావు ఉన్నాడని ఎలా నమ్మించిందో చెప్పారు. ఆ పాత్రను ఇద్దరు నటులు కలిసి పోషించారనీ, వారిలో ఒకరు తెర మీద లేనప్పుడు కూడా కనబడుతూనే ఉంటారనీ, ప్రపంచంలో ఏ విమర్శకుడూ దీన్ని సరిగ్గా పట్టించుకోలేదనీ అన్నారు. పెళ్లివంట ఖాళీ అయ్యే దృశ్యంలో గిన్నెలు తమంతట తాము కదిలే విధానం గురించి, లేబొరేటరీలో పనిచేసినవాడి కన్నుతో, చిత్రాన్ని ఎక్కడ ఆపి ఎక్కడ మళ్లీ తిప్పితే అది సాధ్యమవుతుందో వివరించారు. వెన్నెల పడవ దృశ్యంలో నీటి మీది మెరుపును రంగుల ప్రతి ఎలా చంపేసిందో చెబుతున్నప్పుడు ఆయన గొంతులో నిజమైన కోపం వినిపించింది. పక్కన కూర్చుని స్పీకర్‌లో వింటున్న మేనకోడలు, నలుపు తెలుపుల ప్రతి ఎక్కడ దొరుకుతుందని మధ్యలో అడ్డుపడి అడిగింది.

"ఇదంతా రాసి ఉంటే నేను తీసేదాన్నే కాదు" అన్నాను.

"నా వంతు ఎప్పుడో అయిపోయిందిగా! ఆ నియమం పెట్టింది ఎవరు?"

ఆ నియమం పెట్టినది ఆయనే. గుర్తుచేస్తే బాగుండదని ఊరుకున్నాను. మొదటి జాబితా రాసినవారికి చివరలో ఒక్కసారి మాట్లాడే హక్కు ఇవ్వాలని ఆయన కొత్త ప్రతిపాదన చేశారు. దానివల్ల మా తమ్ముడు రాయబోయే పేరుకు కూడా ఒక పరీక్ష ఉంటుంది కాబట్టి నాకు అది సమంజసంగానే తోచింది. అయితే ఆట సగంలో నియమాలు మార్చడానికి వీల్లేదని బెంగళూరు నుంచి వదిన గట్టిగా అడ్డుపడింది. తరువాతి ఆటలో, అది నటుల జాబితా అయినా పాటల జాబితా అయినా, ఈ పద్ధతి పెట్టుకుందామని తీర్మానించాము.

రాత్రి భోజనాలయ్యాక పిన్నిగారు తన వంతు పూర్తిచేసి పంపారు. ఆమె శివను తీసేశారు. సైకిల్ గొలుసు లాగే సినిమాకు పదింటిలో చోటెందుకన్నది ఆమె వాదన. చిన్నారి పాపలు గురించి అడిగితే, చూసిన మాట నిజమే గాని కథ సరిగా గుర్తులేదనీ, గుర్తులేనిదాన్ని గొప్పదని రాయడం తనవల్ల కాదనీ చెప్పారు. మాయాబజార్‌ను తెస్తారని మామయ్య గట్టిగా నమ్మారు. ఆమె తెచ్చినది గుండమ్మ కథ. అత్తగారంటే ఎలా ఉండాలో సూర్యకాంతాన్ని చూసే నేర్చుకున్నానని ఆమె రాసిన కారణం చదివి, వారి కోడలు మా ఇంటికి వచ్చి మరీ నవ్వింది. ఇక మిగిలినది మా తమ్ముడు ఒక్కడే. మామయ్య ఇప్పటికే వాడికి ఫోన్ చేసినట్టు, వాడు "ఆలోచిస్తాను" అన్నట్టు తెలిసింది.